ముందు గది, తర్వాతే దారి

ప్రశ్న: మేడమ్ గారూ, మా పెళ్లయి 11 ఏళ్లు. ఇద్దరం ఉద్యోగస్తులం. పిల్లల్ని ఒక శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా మా అమ్మ చూసుకుంటానంది. ఎటైనా కొండల వైపు వెళ్లి, హాయిగా నడిచి, రాత్రికి ఒక వెచ్చటి గదిలో కూర్చుని కబుర్లు చెప్పుకోవాలని నా ఆశ. కానీ భయంగా ఉంది. పోయిన ఏడాది ఇలాగే ఒకసారి వెళ్లాం. మా ఆయన రోజూ పొద్దున్నే పార్కులో గంటకు 6 కిలోమీటర్ల చొప్పున నడుస్తారు. మ్యాప్‌లో 18 కిలోమీటర్ల దారి చూసి, "ఇదెంత, మూడు గంటల్లో అయిపోతుంది" అన్నారు. తీరిగ్గా టిఫిన్ చేసి 11 గంటలకు బయలుదేరాం. ఆ దారిలో మొత్తం 900 మీటర్లు ఎక్కాలని తర్వాత తెలిసింది. ఆయన ముందు వెళ్లిపోయి మలుపు దగ్గర నిలబడేవారు. నేను చేరగానే "వచ్చావా, పద" అని మళ్లీ నడిచేవారు. కొత్త బూట్లు మడమ కరిచాయి. నాలుగింటికి వాన అందుకుంది. గదికి చేరేసరికి చీకటి పడిపోయింది. ఆ రాత్రీ, మర్నాటి తిరుగు ప్రయాణంలోనూ మా మధ్య మాటల్లేవు. ఈసారి అలా కాకూడదు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎంత దూరం నడవాలి? ఏమేం తీసుకెళ్లాలి? అన్నిటికన్నా ముఖ్యంగా, "మీ వేగం నాకు కుదరదు" అని ఆయన నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపేసిన మాట "వచ్చావా, పద". ఇద్దరు కలిసి నడిచే ప్రతి జంటకూ ఈ మాట తెలుసు. అన్నవాళ్లకు అందులో తప్పేమీ కనిపించదు. పడ్డవాళ్లకు మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

అక్కడ జరిగేది ఏమిటంటే, ఆయన మలుపు దగ్గర నాలుగు నిమిషాలు నిలబడ్డారు. ఊపిరి కుదుటపడింది, నీళ్లు తాగారు, చుట్టూ చూశారు. ఆయన విశ్రాంతి ముగిసేసరికి మీరు చేరుకున్నారు, రొప్పుతూ. మీరు రాగానే ఆయన కదిలారు. పది మలుపులు గడిచేసరికి ఆయనకు 40 నిమిషాల విశ్రాంతి దొరికింది, మీకు ఒక్క నిమిషం దొరకలేదు. నిదానంగా నడిచే మనిషి ఎక్కువ అలసిపోవడానికి సగం కారణం కాళ్లు కాదు, ఈ లెక్కే. పైగా ఆయన దృష్టిలో తాను రోజంతా మీకోసం ఆగుతూనే ఉన్నారు! ఇద్దరికీ కోపం రావడంలో వింతేముంది?

ఇక రెండో లెక్క. 18 కిలోమీటర్లను 6తో భాగించి మూడు గంటలన్నారు మీ ఆయన. పార్కులో అది సరైన లెక్కే. కొండ మీద కాదు. 1892లో విలియమ్ నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక సులువైన సూత్రం చెప్పాడు. మ్యాప్ మీద ప్రతి 3 మైళ్లకు ఒక గంట, ఎక్కాల్సిన ప్రతి 2,000 అడుగులకు మరో గంట. మన కొలతల్లోకి మార్చుకుంటే సుమారుగా 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎత్తుకు ఒక గంట. కొండల్లో నడిచేవాళ్లు ఇప్పటికీ దీనితోనే లెక్క మొదలుపెడతారు.

మీ పాత దారిని ఇందులో వేసి చూద్దాం. 18 కిలోమీటర్లకు 3 గంటల 36 నిమిషాలు. 900 మీటర్లకు గంటన్నర. మొత్తం 5 గంటల 6 నిమిషాలు. ఇదీ ఎక్కడా ఆగకుండా, మంచి ఓపిక ఉన్నవాళ్లు నడిస్తే. మీలాంటి, నాలాంటి వాళ్లం గంటకు 4 కిలోమీటర్లు వేసుకోవడం మర్యాద. అప్పుడు నాలుగున్నర గంటలు, ఎత్తుకు గంటన్నర, వెరసి ఆరు. భోజనానికి, బూట్లు విప్పి కట్టుకోవడానికి, వానలో తడబడటానికి గంటన్నర కలపండి. ఏడున్నర గంటలు. 11కి బయలుదేరితే సాయంత్రం ఆరున్నర. అంటే మీ రోజు చెడింది నాలుగింటికి వాన రావడం వల్ల కాదు. పొద్దున టిఫిన్ దగ్గర "మూడు గంటలు" అన్నప్పుడే చెడింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న, ఎక్కడ మొదలుపెట్టాలి? గది దగ్గర.

చాలామంది దారిని ఎంచుకుని, ఆ దారికి దగ్గర్లో ఎక్కడో ఒకచోట పడుకుంటారు. నడకే జీవితంగా ఉన్నవాళ్లకు అది బాగుంటుంది. మీరు కోరుకున్నది వేరు. మీ ఉత్తరంలో నడక గురించి ఒక్క మాట ఉంది, వెచ్చటి గది గురించి, కబుర్ల గురించి ఒక వాక్యం ఉంది. కాబట్టి సాయంత్రం నుంచి వెనక్కి లెక్క వేయండి. శనివారం నాలుగింటికి మీరెక్కడ ఉండాలి? స్నానం అయిపోయి, పొడి బట్టలు కట్టుకుని, కాళ్లు చాపుకుని, కిటికీలోంచి ఇంకా వెలుతురుగా ఉన్న కొండను చూస్తూ ఉండాలి. అలా ఉండాలంటే మూడింటికల్లా గది తలుపు దగ్గరకు చేరాలి. పొద్దున తొమ్మిదిన్నరకు బయలుదేరితే చేతిలో ఐదున్నర గంటలు. అందులో గంటంబావు తినడానికి, కూర్చోవడానికి, ఫోటోలకు పోతుంది. పావుగంట అనుకోనివాటికి ఉంచుకోండి. మిగిలింది నాలుగు గంటల నడక. అంటే 10 నుంచి 12 కిలోమీటర్లు, ఎక్కేది 300 నుంచి 450 మీటర్ల లోపు. ఈ అంకె చూసి మీ ఆయన "ఇంతేనా?" అంటారు. అననివ్వండి. చీకటి పడకముందే గదిలో ఉండటంలోని సుఖం ఒకసారి చవిచూశాక ఆ ప్రశ్న మళ్లీ రాదు.

చోటు వెతికేటప్పుడు శుక్రవారం సాయంత్రం ప్రయాణం రెండు గంటలు, మహా అయితే మూడు గంటలు దాటకుండా చూసుకోండి. ఆఫీసు నుంచి నేరుగా వెళ్లి అర్ధరాత్రి చేరితే శనివారం పొద్దున్న తొమ్మిదిన్నరకు ఎవరూ లేవరు, లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది. రెండు రాత్రులూ ఒకే గది. ఊరికొక రాత్రి చొప్పున మారితే సగం సెలవు సంచులు సర్దడంలోనే పోతుంది. గది గుమ్మంలోంచే నడక మొదలై, చుట్టు తిరిగి అక్కడికే వచ్చే దారి దొరికితే ఇంకేం కావాలి. కారు తాళాలు బయటకు తీసే పని లేదు, ఆఖరి బస్సు వెళ్లిపోతుందన్న బెంగా లేదు. ఇంకొక్కటి చూడండి, ఆ దారి మధ్యలో ఎక్కడైనా అడ్డదారి ఉందా? 11 కిలోమీటర్ల చుట్టులో ఆరో కిలోమీటరు దగ్గర గదికి దగ్గరి దారి ఒకటి ఉంటే, వాన వచ్చినా, మడమ కరిచినా, ఊరికే విసుగొచ్చినా ఆ రోజు మీ చేతిలోనే ఉంటుంది. అది లేని దారిలో సగం దాటాక "వెనక్కి వెళ్దామా, ముందుకు పోదామా" అన్న గొడవ తప్పదు.

గది బుక్ చేసేముందు ఫోన్ చేసి మాట్లాడండి. ఫోటోల్లో మంచం చూపిస్తారు, పక్క మీద పూలు చూపిస్తారు. నేనైతే కుర్చీలు ఎన్ని అని అడుగుతాను. నవ్వకండి. రెండు కుర్చీలు, ఒక కిటికీ లేని గదిలో సాయంత్రం అంటే మంచం మీద చెరోవైపు ఒరిగి చెరో ఫోన్ చూసుకోవడమే. తర్వాత వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయో అడగండి. కొన్నిచోట్ల పొద్దున, రాత్రి మాత్రమే ఇస్తారు. మీకు కావలసింది సాయంత్రం మూడున్నరకు. తడిసిన బట్టలు, బూట్లు ఆరబెట్టుకునే చోటుందా? దారిలోకి ఏమైనా కట్టి ఇస్తారా? రాత్రి భోజనం ఎన్నింటి దాకా?

ఈ ఆఖరి ప్రశ్న నేను ఒకసారి అడగలేదు. చాలా ఏళ్ల కిందట మేమిద్దరం ఒక చిన్న బసలో దిగాం. రోజంతా నడిచి ఎనిమిదీ ఇరవైకి చేరితే వంటగది ఎనిమిదికే కట్టేశారు. చుట్టుపక్కల ఇంకో దీపం లేదు. సంచి అడుగున ఒక బిస్కెట్ ప్యాకెట్ దొరికింది. తువ్వాలు పరిచి లెక్కపెడితే 11 బిస్కెట్లు. చెరి ఐదు తిన్నాం. పదకొండోదాన్ని మధ్యలో పెట్టుకుని "నువ్వు తిను" అంటే "నువ్వు తిను" అని చాలాసేపు అనుకున్నాం, అందులో ప్రేమ పాలు తక్కువ, పంతం పాలు ఎక్కువ. చివరికి విరిస్తే పెద్ద ముక్క ఎవరికొచ్చిందన్నది ఈనాటికీ తేలలేదు.

ఇక దారిని ఎంచుకునేటప్పుడు దూరం ఒక్కటే చూడకండి. ఫోన్‌లోని నడక యాప్‌లు మొత్తం ఎంత ఎత్తు ఎక్కాలో కూడా చూపిస్తాయి, ఆ అంకె చూడండి. కాగితం మ్యాప్ అయితే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే సన్నటి గీతలుంటాయి. అవి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటే నిటారు, ఎడంగా ఉంటే మెల్లటి వాలు. గీతకూ గీతకూ మధ్య ఎత్తు తేడా ఎంతో మ్యాప్ అంచున రాసి ఉంటుంది. దారి ఎన్ని గీతలు దాటుకుంటూ పైకి పోతోందో లెక్కపెడితే చాలు. ఎక్కడం రోజు మొదట్లో, దిగడం చివర్లో వచ్చేలా చుట్టు ఏ వైపు నుంచి తిరగాలో కూడా ఇక్కడే తేల్చుకోండి. ఒకవైపు వాలు నిటారుగా, రెండోవైపు మెల్లగా ఉంటే నిటారు వైపు ఎక్కి మెల్లటి వైపు దిగండి. మోకాళ్లు మీకు రుణపడి ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం, ఇద్దరి వేగం. దీనికి మందు ఏనాటి నుంచో ఉంది, నిదానంగా నడిచేవాళ్లు ముందు నడవాలి. మీరు ముందు, ఆయన వెనక. వినడానికి చిన్న మార్పే. చేసి చూస్తే రోజు స్వరూపమే మారిపోతుంది. వెనక ఉన్న మనిషి ముందున్న మనిషిని వదిలి పోలేడు, మలుపు దగ్గర నిలబడి ఎదురుచూసే పనీ లేదు. మీరు ఆగితే ఇద్దరూ ఆగినట్టే. "ఇంకా రాలేదా" అని వెనక్కి తిరిగి చూసే ఆ చూపు మీ మీద పడదు. మొదటి అరగంట ఆయనకు కాళ్లు కట్టేసినట్టుంటుంది. తర్వాత చుట్టూ చూడటం మొదలుపెడతారు, ఎందుకంటే చూడటానికి ఇప్పుడు ఆయనకు తీరిక ఉంది.

రెండోది బరువు. రోజుకు కావలసిన సామాను ఇద్దరిదీ కలిపి ఆరేడు కిలోలు అవుతుంది, సగం పైగా నీళ్లే. అందులో ఐదు కిలోలు ఆయన భుజాల మీద పెట్టండి. సమానత్వం పేరుతో చెరి సగం మోయడం కొండ మీద పనికిరాని మర్యాద. బలం ఎక్కువున్న వాళ్లకు బరువెక్కువ పడితే వేగాలు దగ్గరవుతాయి. నాకు తెలిసి ఈ పనికి మొగవాళ్లు అభ్యంతరం చెప్పరు, పైగా కాస్త గర్వంగానే మోస్తారు. మీ ఇంట్లో కథ వేరైతే మీ ఇష్టం.

వేగం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి గడియారాలు అక్కర్లేదు. ఎక్కుతూ ఒక పూర్తి వాక్యం ఆగకుండా చెప్పగలుగుతున్నారా? అయితే సరైన వేగమే. మాట మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తే తగ్గించండి. మీరు వెళ్తున్నది మాట్లాడుకోవడానికే కదా, కొలబద్ద కూడా అదే. ఎక్కేటప్పుడు అడుగులు పొట్టిగా వేయండి, కానీ ఆగి ఆగి కాకుండా ఒకే తీరున. మొదటి 20 నిమిషాలు మరీ నెమ్మదిగా ఉందే అనిపించేలా నడవండి. పొద్దున ఉత్సాహంగా పరిగెత్తినవాళ్లే మధ్యాహ్నం రాళ్ల మీద కూలబడతారు.

ఆగినప్పుడు ఒక చిన్న నియమం పెట్టుకోండి. ఏ కారణం చేతైనా ఆయన ముందుకు వెళ్లి ఆగాల్సి వస్తే, విశ్రాంతి మొదలయ్యేది మీరు చేరినప్పటి నుంచి. మీరు కూర్చున్నాకే గడియారం తిరుగుతుంది. కూర్చోగానే చేయాల్సిన మొదటి పని నీళ్లు తాగడం కాదు, జాకెట్ తొడుక్కోవడం. చెమటపట్టిన ఒంటికి గాలి తగిలితే ఐదు నిమిషాల్లో వణుకు వస్తుంది, వణుకు వచ్చాక తొడుక్కున్న జాకెట్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. మళ్లీ కదిలేముందు విప్పేయండి.

తిండి సంగతి. ఆకలి రుచి ఎరగదంటారు, మర్యాద కూడా ఎరగదు. దారిలో జరిగే గొడవల్లో సగం ఆకలి గొడవలని నా గట్టి నమ్మకం. మనిషి ఉన్నట్టుండి ముభావంగా అయిపోతే, "ఏమైంది, ఎందుకలా ఉన్నావ్" అని అడగకండి. గుప్పెడు పప్పులో, ఎండు పళ్లో చేతిలో పెట్టండి. పది నిమిషాల తర్వాత ఇంకా అలాగే ఉంటే అప్పుడు అడగవచ్చు. ఒక్కసారే కడుపు నిండా తినేకన్నా గంటకోసారి కొద్దికొద్దిగా తినడం నడకకు మేలు. నీళ్లు మామూలు వాతావరణంలో మనిషికి గంటకు అర లీటరు దగ్గరలో వేసుకోండి, ఎండ ఉంటే ఇంకాస్త. ఒక చిన్న ఫ్లాస్కులో వేడి టీ పోసుకోండి. బరువే, కాదనను. కానీ కొండ మీద గాలిలో కూర్చుని ఒకే మూతలో ఇద్దరూ వంతులవారీగా తాగే టీ కోసం ఆ బరువు మోయవచ్చు. ఎలాగూ మోసేది ఆయనే.

మీ మడమ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నడక సెలవుల్ని కొండలకన్నా బొబ్బలే ఎక్కువగా పాడుచేస్తాయి. బూటు లోపల మడమ చర్మం ఒకవైపు, లోపలి ఎముక ఒకవైపు కదులుతూ పొరలు ఒరుసుకుంటే బొబ్బ లేస్తుంది. చెమటకు తడిసిన చర్మం ఇంకా తొందరగా లేస్తుంది. కాబట్టి మూడు పనులు. కొత్త బూట్లతో ఎప్పుడూ ప్రయాణం కట్టవద్దు. కనీసం రెండు మూడు వారాలు ఇంట్లో, వీధిలో, మెట్ల మీద తొడుక్కుని తిరగండి. కొనేటప్పుడు సాయంత్రం వెళ్లండి. రోజంతా నిలబడ్డ పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, కొండ మీదా అలాగే ఉబ్బుతుంది. నడకకు తొడిగే సాక్సులతోనే వేసి చూడండి, బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు గోళ్లు బూటు ముందు భాగానికి కొట్టుకుని నల్లబడతాయి. బయలుదేరే రెండు రోజుల ముందు గోళ్లు తీసుకోండి. నూలు సాక్సులు ఇంట్లోనే ఉంచండి, అవి తడిని పట్టుకుని వదలవు. ఉన్నివో, సింథటిక్‌వో వేసుకుని, ఇంకో జత సంచిలో పెట్టుకోండి. మధ్యాహ్నం భోజనం దగ్గర సాక్సులు మార్చుకుంటే కాళ్లకు కొత్త ప్రాణం వస్తుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మడమ దగ్గర వేడిగా, చురుక్కుమన్నట్టు అనిపించిన క్షణాన ఆగిపోవాలి. "పై దాకా వెళ్లి చూద్దాంలే" అనుకుంటే పైకి చేరేసరికి బొబ్బ కట్టేసి ఉంటుంది. బూటు విప్పి, చోటు పొడిగా తుడిచి, మందుల షాపులో దొరికే అంటించే టేపు ముడతల్లేకుండా వేయండి. మూడు నిమిషాల పని. పోయినసారి మీరు ఆగకపోవడానికి కారణం నాకు తెలుసు. ముందున్న మనిషి అప్పటికే మలుపు తిరిగిపోయి ఉంటారు, "ఇంకోసారి ఆపడమెందుకు" అని పళ్లు బిగించి నడిచి ఉంటారు. మీరు ముందుంటే ఆ ఇబ్బందీ ఉండదు.

సంచిలో మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఇద్దరికీ వాన కోట్లు, గొడుగులు కాదు. ఆగినప్పుడు వేసుకోవడానికి ఒక్కో వెచ్చటి చొక్కా. ఎత్తుకు వెళ్లేకొద్దీ చలి పెరుగుతుంది. సగటున ప్రతి 1,000 మీటర్లకు 6.5 డిగ్రీల దాకా తగ్గుతుంది, దాని మీద గాలి ఒకటి. తలకు కట్టుకునే లైటు ఒక్కొక్కరికి ఒకటి, మీరు మూడింటికే వచ్చేసినా సరే. ఫోన్ టార్చి లెక్కలోకి రాదు, దారి చూపాల్సిన ఫోన్‌ను దీపంగా వాడితే రెండూ పోతాయి. మ్యాప్‌ను ముందురోజే వైఫైలో డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ లేకపోయినా ఫోన్ ఉపగ్రహాల నుంచి మీరున్న చోటు పట్టుకోగలదు, కానీ కింద మ్యాప్ లేకపోతే ఖాళీ తెర మీద నీలం చుక్క ఒకటి మిగులుతుంది. ఒక ఈల పెట్టుకోండి. ఆపదలో నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో బసలో ఒకరికి చెప్పి బయలుదేరండి. ఊతకర్రలు ఉంటే మంచిది, దిగేటప్పుడు మోకాళ్ల భారం కొంత చేతులు పంచుకుంటాయి.

వాన సంగతి వానప్పుడు చూసుకోవచ్చని అనుకోవద్దు. పొద్దున్నే తడిసి తడిసి వెళ్లాలా వద్దా అని తర్జనభర్జన పడటం కన్నా, శుక్రవారం రాత్రే రెండో దారి ఒకటి అనుకోండి. పల్లంలో, చెట్ల మధ్య, గంటన్నరలో అయిపోయేది. చిన్న వానలో మంచి కోటుతో నడవడం నిజానికి బాగుంటుంది. ఉరుములు వేరు. మెరుపుకూ ఉరుముకూ మధ్య లెక్కపెట్టండి, ప్రతి మూడు సెకన్లకు పిడుగు ఒక కిలోమీటరు దూరంలో ఉన్నట్టు. 30 లోపే ఉరుము వినిపిస్తే శిఖరం ఆశ వదిలేసి దిగిపోండి, గట్టి కప్పున్న భవనంలోకో, కారులోకో చేరండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటకు రావద్దు. ఒంటరి చెట్టు కింద నిలబడటం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. కొండల్లో ఉరుముల వాన మధ్యాహ్నం తర్వాతే ఎక్కువగా కడుతుంది కాబట్టి, మీ తొమ్మిదిన్నర ఇక్కడ కూడా పనికొస్తుంది.

ఇక సాయంత్రం. దీనికి పెద్ద పథకాలు వేయకండి. బూట్లు తడిస్తే లోపలి అట్టలు తీసి, పాత న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, గంట తర్వాత ఒకసారి మార్చండి. హీటరు ముందు పెడితే తోలు పగులుతుంది, జిగురు ఊడుతుంది. పాదాలు గోరువెచ్చటి నీళ్లలో కాసేపు పెట్టుకోండి. భోజనం ఏడింటికే కానివ్వండి. ఇంటి అప్పులు, పిల్లల చదువులు, ఆఫీసు గొడవలు దారిలోనే మాట్లాడేసుకోండి. ఎదురెదురుగా కూర్చుని అనలేని మాటలు ఒకరి వెనక ఒకరు నడుస్తూ ఉంటే ఎందుకో తేలిగ్గా వచ్చేస్తాయి. ముఖం చూడనక్కర్లేదు, మధ్యలో మౌనం వచ్చినా ఇబ్బందిగా ఉండదు. గదికి చేరాక మాత్రం ఆ సంచి విప్పకండి. ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. అర్ధరాత్రి దాకా కబుర్లు చెప్పుకోవాలని మీ ఆశ కదా, తొమ్మిదిన్నరకు ఇద్దరూ నిద్రపోతారు. నాలుగు నుంచి తొమ్మిదిన్నర దాకా ఐదున్నర గంటలుంటాయి. ఇంట్లో మామూలు వారం మొత్తం కలిపినా మీకు అన్ని గంటలు దొరుకుతాయా?

ఆదివారం పొద్దున తొడలు పట్టేసి ఉంటాయి, మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. అది ఎక్కినందుకు కాదు, దిగినందుకు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపాల్సి వస్తుంది, అలాంటి శ్రమకే నొప్పి ఎక్కువ. మర్నాడు, ఆ మర్నాడు బాగా ఉండి తర్వాత తగ్గిపోతుంది. పడుకుంటే ఇంకా బిగుసుకుంటుంది కాబట్టి గంటసేపు చదునుగా, సంచి లేకుండా, చేతులూపుకుంటూ నడిచి రండి. ఆదివారం రెండో కొండ ఎక్కాలన్న ఆలోచన ఎవరికి వచ్చినా రెండోవారు ఒప్పుకోకూడదు. మధ్యాహ్న భోజనం చేసి బయలుదేరితే దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉంటారు.

మిగిలింది మీ ఆఖరి ప్రశ్న, ఆయనకు ఎలా చెప్పాలి? పోయిన ఏడాది ఊసు ఎత్తకండి. "మీ వేగం నాకు కుదరదు" అనే వాక్యం ఎంత మెత్తగా అన్నా ఫిర్యాదులాగే వినిపిస్తుంది, వెంటనే "నేను ఆగానుగా" అన్న జవాబు వస్తుంది. దాని బదులు ఒక ఆదివారం ఆయన్ని తోడు తీసుకోకుండా మీరొక్కరే మీ దగ్గర్లో 2 కిలోమీటర్లు మామూలుగా నడిచి, ఎంతసేపు పట్టిందో రాసుకోండి. మీ అంకె మీ చేతికొస్తుంది. తర్వాత మ్యాప్, పెన్ను, ఆ అంకె ఆయన ముందు పెట్టి, "ఈ వేగంతో, ఈ ఎత్తుతో, మూడింటికి గదికి చేరేలా దారి నువ్వే చూసిపెట్టు" అనండి. మీ ఇంట్లో "మీరు" అనే అలవాటుంటే అలాగే అనండి. లెక్క వేసేది ఆయనే అయినప్పుడు ఆ లెక్కతో ఆయన పోట్లాడరు. 18ని 6తో భాగించిన మనిషికి నైస్మిత్ సూత్రం తప్పకుండా నచ్చుతుంది, మీకు తిరిగి పాఠం చెప్పినా చెబుతారు. కొత్తగా విన్నట్టు వినండి.

విరామాలతో కలిపి ఐదున్నర గంటల లోపు వస్తే గది బుక్ చేసేయండి. ఏడు వచ్చిందంటే మ్యాప్ మళ్లీ ఆయనకే ఇచ్చి, మీరు వెళ్లి టీ పెట్టుకోండి.